నా ముఖం నాది కానట్టుంది

ప్రశ్న: నా వయసు 24. హైదరాబాద్‌లో పోటీ పరీక్షలకు చదువుతున్నాను. రెండు నెలలుగా అద్దంలో నా ముఖం పరాయిగా, నా గొంతు ఇంకెవరిదో అయినట్టుగా ఉంటోంది. ఇది తనను తాను దూరం నుంచి చూసుకునే సాక్షీభావమనీ, ధ్యానం పెంచమనీ పెద్దమ్మ అంటోంది. నాకేమో పిచ్చెక్కుతోందేమోనని భయం. ఏది నిజం?

జవాబు: ముందు ఆ భయం వదిలేయండి. ‘అయినట్టుగా’ అని మీరే రాశారు. అంటే ఆ గొంతు మీదేనని మీకు తెలుసు. మతిభ్రమణలో సాధారణంగా ఆ ఎరుక ఉండదు. వైద్యులు దీన్ని డీపర్సనలైజేషన్ అంటారు. నిద్రలేమి, తీవ్రమైన ఆందోళన, గంజాయి దీన్ని తరచూ రేపుతాయి. ఒత్తిడి హద్దు దాటితే మెదడు భావోద్వేగాలను అణిచేస్తుందనీ, దాంతో శరీరం మనదన్న అనుభూతి కూడా పలచబడుతుందనీ పరిశోధకుల ప్రధాన వివరణ.

పెద్దమ్మగారి మాటనూ నేను తేలిగ్గా తీసుకోను. 1896లో మదురైలో పదహారేళ్ల వెంకటరామన్ మృత్యుభయం నుంచే ‘నేనెవరు’ అన్న విచారణలోకి వెళ్లారు, రమణ మహర్షి అయ్యారు. కానీ ఆ అనుభవంతో ఆయనకు భయం పోయింది. మీకేమో భయం పట్టుకుంది. నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది. పైగా దీర్ఘధ్యానం కొందరిలో ఈ లక్షణాన్ని రేపుతుంది. ప్రస్తుతానికి ఆపండి. పూజ, భజన మానక్కర్లేదు.

అద్దంలో పదేపదే చూసుకోకండి, రాత్రి చదువు తగ్గించి నిద్రపోండి. రెండు నెలలైంది కాబట్టి సైకియాట్రిస్టును కలవండి. కౌన్సెలింగ్‌తో చాలామంది తేరుకుంటారు. మధ్యలో స్పృహ తప్పుతుంటే మాత్రం మూర్ఛ ఉందేమో న్యూరాలజిస్టు చూడాలి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.