బొర్రా గుహలు

విశాఖపట్టణమునుండి అరకులోయకు బోవు దారిలో అనంతగిరి కొండలు గలవు. వానియందు గోస్తనీనది లోయలో బొర్రా గుహలున్నవి. 1960వ దశకమున నిర్మింపబడిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గముమీద ఈ గుహల పేరనే యొక స్టేషను గలదు. విద్యార్థులతో గూడ మేమీ గుహలను దర్శించి గ్రహించిన సంగతుల నిచట వ్రాయుచున్నాము.

గుహాముఖము మిక్కిలి విశాలము. మెట్లు దిగినకొలది వెలుతురు సన్నగిల్లును. పైకప్పునుండి కొన్ని శిలలు మఱ్ఱియూడలవలె వ్రేలాడుచుండును. కొన్ని నేలనుండి పుట్టలవలె లేచియుండును. కొన్నిచోట్ల ఈ రెండును గలిసి స్తంభములైనవి. దారి చూపువారు ఒక శిలను ఋషి గడ్డమనియు, ఒకదానిని మొసలియనియు, ఒకదానిని తల్లీబిడ్డలనియు జెప్పుదురు.

ఈ రూపములను గల్పించినది నీటిబొట్టు. వాననీరు గాలినుండియు మంటినుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, కొంచెము ఆమ్లగుణము పొందును. అట్టి నీరు సున్నపురాతి సందులలో దిగుచు సున్నమును గరగించుకొనును. బొట్టు గుహకప్పున నిలిచినప్పుడు వాయువు వెడలిపోగా, సున్నము లేశమాత్రము అచ్చటనే పేరుకొనును. నేలపై బడిన బొట్టును అట్లే చేయును. శిల యొక యంగుళము పెరుగుటకు సాధారణముగా కొన్ని వందల యేండ్లు పట్టును.

ఆ ప్రాంతపు గ్రామస్థులు చెప్పుకొను కథ యొకటి గలదు. పూర్వము కొండపై మేయుచున్న యావు కప్పునందలి రంధ్రమున బడిపోయెనట. కాపరి దానిని వెదకుచు దిగి, లోపల లింగాకారమైన శిలను జూచెనట. ఆవును గాపాడినవాడు శివుడేయని నమ్మి జనులు పూజింపసాగిరి. గోస్తని, అనగా ఆవు పొదుగు, అను నదినామమును గూడ ఈ కథతో ముడిపెట్టుదురు.

శాస్త్రము చదివిన బాలురు కొందఱు ఇట్టి కథను విని నవ్వుదురు. అది తగదు. తప్పిపోయిన యొక్క యావుకొఱకు ఎఱుగని చీకటిలోనికి దిగిన కాపరి ఆ కథలో నున్నాడు. తొంబదితొమ్మిది గొఱ్ఱెలను విడిచి యొక్కదానిని వెదకబోయిన కాపరినిగూర్చి మన ప్రభువు చెప్పిన యుపమానము నెఱిగిన మనము, పొరుగువారి కథలోని యీ కరుణను గుర్తింపకుండుట యెట్లు? శిల యెట్లు పుట్టెనో శాస్త్రము తెలుపును. దానియెదుట నిలిచిన మనుష్యుల హృదయమును కథ తెలుపును. రెండును నేర్వదగినవే.

విద్యార్థులారా, గుహలోనికి బోయినప్పుడు శిలలను ముట్టకుడు; చేతి జిడ్డు అంటినచోట సున్నము సరిగా పేరుకొనదు. గుర్తుకొఱకని ముక్కలు విఱువకుడు. గోడలపై పేర్లు చెక్కకుడు. వేల యేండ్ల పని యొక్క నిమిషములో చెడును. దానిని మరల జేయుట మన చేత గాదు.