పాత ఇల్లున్నవాళ్లకు నాలుగు మాటలు

హైదరాబాద్ పాత దేవిడీల వాళ్లు, సికింద్రాబాద్ బంగళాల వాళ్లు నాలాంటి రిటైరైన ఇంజినీర్ని రెండు సందర్భాల్లోనే పిలుస్తారు: గోడ పెచ్చులూడినప్పుడు, అన్నదమ్ములు వేరుపడుతున్నప్పుడు. రెండింటికీ కలిపి చెబుతున్నాను.

1. ముందు డాబా ఎక్కండి. గోడ మీద తడి మరక కనబడగానే అందరూ గోడనే గోకుతారు. నీళ్లు దిగేది చాలాసార్లు పైనుంచి. మే నెలాఖరులో, తొలి వాన పడకముందే తూములన్నీ మీరే స్వయంగా చూసుకోండి. ఎండుటాకులు, పావురాల రెట్టలు, సంక్రాంతినాటి మాంజా కలిసి గడ్డకట్టి ఉంటాయి. బకెట్ నీళ్లు పోసి ఎంతసేపట్లో దిగుతాయో నిలబడి చూడండి. పిట్టగోడ సందులో రావి మొక్క రెండాకులప్పుడే వేరుతో సహా పీకేయాలి. పైపైన కోస్తే వేరు లోపలే బలిసి గోడను చీలుస్తుంది.

2. సున్నం గోడకు సిమెంటు పూయకండి. నేను మేస్త్రీలతో ఎక్కువగా పోట్లాడింది దీని గురించే. డంగు సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. మీద సిమెంటు పడితే ఆ తడికి బయటి దారి మూసుకుపోతుంది. ఉప్పును వెంటేసుకుని పైకి పాకి, పూత ఆగినచోట తెల్లగా పొంగుతుంది. "ఇంకో రెండడుగులు పైకి పూద్దాం సార్" అంటాడు మేస్త్రీ. మరక కూడా రెండడుగులు పైకెక్కుతుంది. చివరికి ఆ సిమెంటు ఊడేటప్పుడు పాత ఇటుకను కూడా ఊడదీసుకుని వస్తుంది. పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు చేసేదీ ఇంచుమించు ఇదే.

సున్నం పనికి ఓపిక కావాలి. కాల్చిన సున్నాన్ని నీళ్లలో విరగబెట్టి వారాల తరబడి నాననివ్వాలి, ఇసుకతో గానుగలో నూరాలి. బెల్లం, కరక్కాయ నీళ్లు కలుపుతారు. కోడిగుడ్డు తెల్లసొన గురించి ఊరంతా కథలు చెబుతుంది గానీ, అసలు కిటుకు సున్నం నానడంలోనూ, పూసిన తర్వాత పూత త్వరగా ఆరిపోకుండా చూసుకోవడంలోనూ ఉంది. ఒకసారి చేస్తే అయిపోయే పనీ కాదు. 1591 నాటి చార్మినార్‌కే 2019 మేలో ఒక మినారు నుంచి పెచ్చు ఊడిపడింది, మన ఇళ్లెంత!

3. రోడ్డు మీద రోడ్డు వేసి మీ గడపను గుంటలో పడేస్తారు. పాత తారు గీకి తీశాకే కొత్తది వేయమని పని మొదలుకాకముందే అర్జీ పెట్టండి.

4. నిజాం చివరి కాలపు ఇళ్లలో ఇనుప గిర్డర్ల మధ్య ఇటుక కమానులతో వేసిన కప్పులుంటాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి ఇటుకను పగలగొడుతుంది. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఇదేదీ కంటబడదు. ఇప్పి చూడండి.

5. కాగితాలు. హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) నిబంధన 13 కింద 1995 నుంచి వారసత్వ కట్టడాల జాబితా ఉండేది. 2015లో ఆ నిబంధన తీసేశారు, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఇక అడిగేవాడు లేడని మాత్రం అనుకోకండి. ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి అసెంబ్లీ కడదామన్న ప్రభుత్వ నిర్ణయాన్నే 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. మీ భవనం ఇప్పటి వారసత్వ జాబితాలో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి, జవాబూ రాతలోనే తీసుకోండి. సుత్తి పడకముందు ప్రతి గదికీ ఫొటోలు తీయించండి. వారసత్వ కట్టడాల సంరక్షణ చూసే ఇన్‌టాక్ సంస్థ హైదరాబాద్ శాఖ వాళ్లతో ఒకసారి మాట్లాడితే నష్టమేమీ లేదు.

6. అన్నదమ్ములు పంచుకోండి, కాదనను. డాబాను మాత్రం పంచుకోకండి. "నీ వాటాలో కారితే నువ్వే బాగు చేయించుకో" అనుకున్న ఇంట్లో ఎవరి కప్పూ మిగలలేదు. మరమ్మతుకు ఉమ్మడి ఖాతా తెరవండి, నెలకింతని వేయండి. పెద్ద హాలుకు అడ్డంగా గోడ లేపాలనుకుంటే కింద ఏ దూలం మోస్తుందో ముందు తెలుసుకోండి.

7. తాళం వేసి అమెరికా వెళ్లిపోకండి. కనీసం రెండు గదులైనా అద్దెకివ్వండి. ట్యూషన్ పిల్లలైనా సరే, కిటికీలు తెరుచుకుంటాయి, కారితే కబురొస్తుంది. నిజాంల చౌమహల్లా ప్యాలెస్ మరమ్మతులకు 2010లో యునెస్కో అవార్డొచ్చింది, సంతోషం. అది రాజకుటుంబం సత్తా. మీరు ఈ ఏడాది ఒక్క వరండా చేయించండి చాలు.

8. మేస్త్రీని మాటలు చూసి పెట్టుకోకండి. వంటింటి వెనకగోడ మీద గజం మేర పూయమనండి. ఒక వానాకాలం గడవనిచ్చి వేలితో తట్టండి. డొల్లగా మోగితే టీ తాగించి, ఆ గజం కూలీ ఇచ్చి పంపేయండి.