సర్వర్‌లెస్ కంప్యూటింగ్: వర్షాధార మండలాల దత్తాంశ విశ్లేషణలో దాని స్థానం

సర్వర్‌లెస్ అనే పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఇందులో సర్వర్ లేకపోలేదు; దానిని రాత్రింబవళ్లు నిర్వహించే బాధ్యత మాత్రమే వినియోగదారునికి ఉండదు. 2014లో అమెజాన్ ప్రకటించిన లాంబ్డా సేవ ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది. దత్తాంశం చేరగానే ప్రోగ్రామ్ నడిచి ఆగిపోతుంది. నడిచిన కాలానికే రుసుము.

చిప్పగిరి వంటి వర్షాధార మండలంలో ఖరీఫ్ వేరుశనగ విత్తే అదను వానను బట్టి ఉంటుంది. వర్షపాత దత్తాంశాన్ని ఆ కొద్ది వారాలలో వెంటనే విశ్లేషించాలి. వేసవిలో ఆ సర్వర్‌కు పనే ఉండదు. ఇదే కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు క్లౌడ్ విశ్లేషణ ఆధారంగా 175 మంది రైతులకు వేరుశనగ విత్తే సలహాలను ఎస్.ఎం.ఎస్. ద్వారా పంపాయి. అటువంటి సేవను మండలాల వారీగా విస్తరించడానికి సర్వర్‌లెస్ పద్ధతి అనువైనది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. నేటి నేల తేమను లెక్కించాలంటే నిన్నటి తేమకు వానను కలిపి, ఆవిరైన నీటిని తీసివేయాలి. ప్రోగ్రామ్ ఆగిన పిదప నిన్నటి విలువ దాని మెమరీలో నిలుస్తుందన్న హామీ లేదు. దానిని విడిగా డేటాబేస్‌లో భద్రపరచాలి. విద్యార్థులు తరచుగా మరిచేది ఇదే. ఆ విలువ తప్పితే విత్తే తేదీ తప్పుతుంది, రైతు విత్తనం నష్టపోతాడు. లాంబ్డాలో ప్రోగ్రామ్ ఒక విడతలో 15 నిమిషాలకు మించి నడవదు. గంటల తరబడి సాగే పంట నమూనాలకు మామూలు సర్వరే మేలు.