వేసవి తాపము – జలపానము

శారదానదీతీరమున వెలసిన అనకాపల్లి బెల్లమునకు ప్రసిద్ధి. చెఱకు గానుగలయొద్ద రసమును కాచువారిని చూచినవారికి వేడిమి యన నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. శీతకాలమున మొదలగు నీ పని యెండలు ముదురువఱకును సాగుచుండును. ఒకప్రక్క పొయ్యిసెగ, మఱియొకప్రక్క సూర్యతాపము. ఈ రెంటినడుమ నిలిచి పాటుపడు మనుష్యుని దేహము పెనమువలె కాగిపోకుండుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధాన మెఱిగినచో, వేసవియందు నీరు త్రాగవలసిన విధమును దానంతట తెలియగలదు.

మానవదేహముయొక్క సహజోష్ణము సుమారు 37 సెంటిగ్రేడు డిగ్రీలు. వెలుపలి గాలి యంతకంటె వేడియైనపుడు లోపలి వేడిమి పోవుటకు చెమటయే ముఖ్యసాధనము. ఒక గ్రాము చెమట ఆవిరియగునపుడు సుమారు 580 కెలోరీల వేడిమిని చర్మమునుండి గొనిపోవును. మట్టికూజాలోని నీరు చల్లబడుటయు నీ న్యాయముచేతనే. కాని చెమట ఆవిరి కావలయును. బొట్లుగా నేలరాలిన చెమట నిష్ప్రయోజనము. అనకాపల్లి సముద్రమునకు చేరువగుటచే గాలియందు తేమ మెండు. కావున ఉష్ణమాపకమున డిగ్రీలు కొంచెము తక్కువగ కన్పట్టినను, చెమట ఆఱక ఉక్క పెరుగును. దేహము మఱింత చెమటను వెడలించును.

వయోజనుని బరువులో నూటికి సుమారు 60 పాళ్లు నీరే. ఎండలో కష్టించి పనిచేయువానికి గంట కొక లీటరు చెమట పోవచ్చును. 50 కిలోల బరువుగల బాలునికి ఒక లీటరు పోయినచో బరువులో నూటికి రెండుపాళ్లు తగ్గినట్లు. అప్పుడే దాహము, తలనొప్పి, బడలిక కలుగును. పాఠముపై మనసు నిలువదు. నష్టము పెరిగినకొలది రక్తము తగ్గి, నాడి వడిగా కొట్టుకొనును. దేహోష్ణము 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, స్పృహ తప్పినచో అదియే వడదెబ్బ, ప్రాణాంతకము. 2015వ సంవత్సరపు వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశమునందే వేయిమందికి పైగా వడగాడ్పులకు మరణించిరి. వారిలో పెక్కురు కూలిచేసి బ్రదుకువారును వృద్ధులునై యుండిరి.

చెమటతో నీరేగాక ఉప్పును పోవును. ఉప్పుచేరని నీటినే గంటలతరబడి మితిమీఱి త్రాగినచో రక్తమందలి ఉప్పు పలుచబడి కీడు కలుగవచ్చును. మఱి ఉప్పును నీటిని ప్రేగులు త్వరగా గ్రహించు నుపాయ మేది? గ్లూకోజును ఉప్పులోని సోడియమును చేయిచేయి కలిపికొన్నట్లు ప్రేగుగోడను దాటునని 1960లో రాబర్టు క్రేన్ అను శాస్త్రజ్ఞుడు తెలిపెను. వాటివెంట నీరును పోవును. 1971లో బంగాళదేశపు కాందిశీకులలో కలరా ప్రబలినపుడు, డాక్టరు దిలీప్ మహలనబీస్ బనగాఁవ్ శిబిరమున ఈ న్యాయము ననుసరించియే ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి అనేకుల ప్రాణములు కాపాడెను.

ఇట్టి నీటిని ఇంటియందును చేసికొనవచ్చును. ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆఱు చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు కలుపవలయును. చెంచాలు తలగొట్టి కొలువవలెను. ఉప్పు కొలత మించరాదు.

మన పెద్దల పానీయములును ఈ దృష్టితో చూడదగినవే. ఉప్పువేసిన పలుచని మజ్జిగ, గంజి, చోడి అంబలి, తరవాణి నీటితోపాటు లవణమును బలమును ఇచ్చును. కొబ్బరినీటిలో పొటాషియము మెండు, సోడియము తక్కువ. శ్రీరామనవమి పానకమున బెల్లమున్నది గాని ఉప్పు లేదు. చిటికెడు చేర్చినచో ఎండలో తిరిగివచ్చినవానికి మఱింత హితము. మధుమేహరోగులు మాత్రము తీపి పానీయములను వైద్యుని సలహాపై పుచ్చుకొనవలయును.

విద్యార్థులు గమనింపవలసినవి కొన్ని కలవు. దాహమగువఱకు వేచియుండక కొంచెము కొంచెముగా పలుమాఱులు త్రాగవలెను. మూత్రము లేతపసుపు రంగున నున్నచో నీరు చాలినట్లు, ముదురురంగైనచో చాలనట్లు. ఆటలు ప్రాతఃకాలమునను సాయంకాలమునను ఆడుట మేలు. ఎవరైన వడదెబ్బచే పడిపోయినచో నీడకు చేర్చి, ఒడలెల్ల తడిపి, విసరుచు, 108కు తెలియజేయవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు; అది ఊపిరితిత్తులలోనికి పోవును.

మన పూర్వులు బాటసారులకై చలివేంద్రములు నిలిపిరి. ప్రతి విద్యార్థియు తన యింటి వాకిట ఒక కడవెడు నీటిని మూతపెట్టి యుంచి, దారినపోవు కూలివాని కొక చెంబెడు ఇచ్చినచో, ఈ పాఠము పుస్తకమున నిలువక ప్రాణరక్షకమగును.