పశువుల సాలలో బీరు కాచాలంటే: మందస నుంచి కొన్ని లెక్కలు

కల్లుకి ఇల్లు అక్కర్లేదు. మా మందస వెనక మహేంద్రగిరి వైపు సవర ఊళ్ళకి వెళ్తే జీలుగు చెట్టుకి కుండ కట్టి ఉంటుంది. చెట్టులోంచి దిగే నీటిలోనే చక్కెర ఉంది, గాలిలోనూ కుండలోనూ ఈస్టు ఉంది. పొద్దున కట్టిన కుండ సాయంత్రానికి పులుస్తుంది. గోడలూ లేవు, పొయ్యీ లేదు, కరెంటు బిల్లూ లేదు.

బీరుకి అలా కుదరదు. గింజలో ఉండేది చక్కెర కాదు, పిండి పదార్థం. ఈస్టు దాన్ని తినలేదు. అందుకని గింజని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టాలి (మన ఇళ్ళలో పిల్లలకి చేసే రాగి మాల్టు సరిగ్గా ఇదే). తర్వాత 65 డిగ్రీల దగ్గర నీళ్ళలో గంటసేపు ఉంచితే మొలకలోని ఎంజైములు పిండిని చక్కెర చేస్తాయి. వడకట్టి, మరిగించి, చల్లార్చి, అప్పుడు ఈస్టు వెయ్యాలి. అంటే ప్రతి మెట్టుకీ వేడో, నీళ్ళో, కాలువో కావాలి. అందుకే బీరు విషయంలో కట్టడం కూడా యంత్రంలో ఒక భాగమే.

ఈ లెక్కలన్నీ నేనెందుకు వేశానంటే, మా మావయ్య గారి పశువుల సాల నాలుగేళ్ళుగా ఖాళీగా పడుంది. ఆవులు అమ్మేశారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా బావకి అక్కడి మైక్రోబ్రూవరీలు చూశాక (తెలంగాణలో 2015లో నిబంధనలు తెచ్చి వీటిని అనుమతించారు) సాలలో 200 లీటర్ల చిన్న బ్రూవరీ పెట్టాలని పట్టుకుంది. అదీ మన చోడి గింజతో. మావయ్యకి పడగొట్టి స్థలం అమ్మేయాలని ఉంది. "ఏటిరా, మూడేళ్ళు సివిలు సదివేవు గదా, సాల దేనికి పనికొస్తాదో నువ్వే సెప్పు" అన్నారు. కాగితం మీద లెక్కలే సుమా, ఎవరూ ఏమీ కాయలేదు. ఎక్సైజు లైసెన్సు లేకుండా ఒక్క సీసా కాచినా నేరమే.

ముందు నేల. 200 లీటర్ల ట్యాంకు నిండితే, స్టీలుతో కలిపి 250 కిలోలు. మూడు కాళ్ళ మీద నిలబడితే కాలికి 83 కిలోలు. చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ 300 కిలోల ఆవు నాలుగు గిట్టల మీద నిలబడితే గిట్టకి 75. మా సాల నేల ఇలాంటివి ఆరింటిని ముప్పై ఏళ్ళు మోసింది. తేడా ఒక్కటే, ఆవు కదులుతుంది, ట్యాంకు కదలదు. దాని కాళ్ళ కింద ఎప్పుడూ తడే. కాబట్టి కాళ్ళ కింద కాంక్రీటు దిమ్మెలు వేస్తే చాలు.

వాలు సంగతి ఇంకా బాగుంది. మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో కొలిచాను. 6 మీటర్ల పొడవులో నేల 11 సెంటీమీటర్లు దిగింది, అంటే 55కి 1. బ్రూవరీ నేలకి 50కి 1 నుంచి 100కి 1 దాకా వాలు పెడతారు. పశువుల మూత్రం నిలవకూడదని ఏ ఇంజనీరూ చెప్పకుండానే మా తాతగారు సరిగ్గా అదే వాలు పెట్టించారు. చివర కాలువ కూడా ఉంది. అయితే బండల సందుల్లో ముప్పై ఏళ్ళ పేడ ఉంది, దాంట్లో లేని సూక్ష్మజీవి లేదు. సున్నం కొట్టేస్తే సరిపోదు. బండలు లేపి కొత్తగా నేల వెయ్యాలి, గోడలకి ఛాతీ ఎత్తు దాకా నున్నటి పూత కావాలి. మామూలు సిమెంటు అయితే పులిసిన ద్రవాల్లోని ఆమ్లం దాన్ని మెల్లగా తినేస్తుంది.

ఇక వేడి. 230 లీటర్లని 30 డిగ్రీల నుంచి మరిగేదాకా తేవాలంటే 67 మెగాజౌళ్ళు, అందులో పదోవంతు ఆవిరి చెయ్యాలంటే ఇంకో 52. పొయ్యి సగం వేడిని వృథా చేస్తుందనుకుంటే, ఒక్క కాపుకి సుమారు 5 కిలోల గ్యాసు. ఇది సమస్య కాదు. సమస్య ఆ 23 లీటర్ల ఆవిరి. మట్టి గోడల మధ్య, తాటి దూలాల కింద వారం వారం అంత ఆవిరి వదిలితే సాలకి చెదలూ బూజూ ఖాయం. మా ఊరి కోవాకి పేరుంది కదా, కోవా అంటే పాలలోంచి నీటిని తరిమెయ్యడమే. ఆ పని మూసిన గదిలో ఎవరూ పెట్టుకోరు. కాబట్టి కాచడం బయట చావిడిలో, పులియబెట్టడం లోపల.

చల్లార్చడం దగ్గర మన ఎండలు అడ్డొస్తాయి. మామూలు ఏల్ ఈస్టుకి 20 డిగ్రీలు ఇష్టం. మా బోరు నీళ్ళే 28 ఉంటాయి. పైగా పులిసేటప్పుడు ఈస్టు వేడి పుట్టిస్తుంది. ఆ వేడి ఎటూ పోకపోతే ట్యాంకు ఇంకో 11 డిగ్రీలు ఎక్కుతుంది. చిల్లరు కొనాలంటే బావ బడ్జెట్టు అక్కడితో సరి. ఇక్కడ నార్వే రైతులు సాయానికొచ్చారు. పశ్చిమ నార్వే పల్లెల్లో పొలం ఇళ్ళలోనే బీరు కాచుకునే అలవాటుంది. వాళ్ళు తరతరాలుగా కొయ్య రింగుల మీద ఆరబెట్టి దాచుకున్న ఈస్టు పేరు క్వైక్. అది 35 డిగ్రీల దగ్గర కూడా హాయిగా పనిచేస్తుంది. మంచుదేశపు ఈస్టు మన ఉక్కపోతకి సరిపోవడం నాకైతే భలే నచ్చింది.

పులిసేటప్పుడు వచ్చే గాలి సంగతి మాత్రం నవ్వులాట కాదు. 200 లీటర్లు పులిస్తే 8 కిలోలకి కాస్త తక్కువగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 4 ఘనపు మీటర్ల పైమాటే. మా సాల లోపల 72 ఘనపు మీటర్లు. తలుపులన్నీ మూసేస్తే గాలిలో 6 శాతం. 4 శాతమే ప్రాణాపాయం. నాలుగైదు రోజుల్లో మెల్లగా వస్తుంది, నిజమే, కానీ అది గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు. నేలమట్టంలో పేరుకుంటుంది. ట్యాంకు కింద కడగడానికి వంగినవాడే ముందు పడిపోతాడు. కాబట్టి కిటికీ కాదు, నేల దగ్గర కన్నాలు కావాలి. పాత మూత్రపు కాలువ కన్నం ఇక్కడా పనికొస్తుంది, ఎలుకలు రాకుండా జాలీ పెడితే.

ఇప్పుడు కప్పు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా సాల మూడో వంతు పెంకులు పోగొట్టుకుని నిలబడింది. ఎందుకు నిలబడిందో ఐ.ఎస్. 875 పట్టుకుని చూశాను. విశాఖకి అందులో ఇచ్చిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. ఒత్తిడి 0.6 × 50 × 50, అంటే చదరపు మీటరుకి దగ్గర దగ్గర 150 కిలోలు (మిగతా గుణకాలు వదిలేసి స్థూలంగా). పెంకుల కప్పు బరువు 65 కిలోలే. దూలాలని పట్టి ఉంచేది కూడా ఆ బరువే, మేకులు పేరుకే. మరి ఎగిరిపోవాలి కదా? పెంకుల సందుల్లోంచి గాలి కొంత బయటికి పోయింది, కొన్ని పెంకులు లేచి మిగతాది వదిలేశాయి. అంటే కప్పు పాడైపోయి సాలని కాపాడింది.

బావ ప్లానులో పెంకులు తీసేసి రేకులు వెయ్యాలని ఉంది, దుమ్ము పడకుండా. రేకు బరువు చదరపు మీటరుకి 5 కిలోలు, సందుల్లేవు. పైగా గాలికోసం గోడలకి కన్నాలు పెడుతున్నాం, తుపాను గాలి లోపలికి దూరి కిందనుంచీ నెడుతుంది. శుభ్రత కోసం చేసే ఈ మార్పుతో సాల ముందుకన్నా బలహీనం అవుతుంది. రేకులు వేస్తే వాసం దగ్గర్నుంచి పునాది దాకా ఇనుప పట్టీలతో కట్టుకుంటూ రావాల్సిందే.

ఇంతవరకూ ప్రతిదానికీ ఏదో దారి దొరికింది. నీళ్ళ దగ్గర ఆగిపోయాను.

లీటరు బీరుకి చిన్న బ్రూవరీలు 5 నుంచి 7 లీటర్ల నీళ్ళు వాడతాయి, ఎక్కువభాగం కడగడానికే. వారానికి ఒక కాపు అనుకుంటే 1200 లీటర్లు. మనిషికి రోజుకి 55 లీటర్ల లెక్కన 22 మందికి ఒక్క రోజు నీళ్ళు. ఇది మరీ పెద్ద అంకె కాదు, ఒప్పుకుంటాను. కానీ ఇది ఉద్దానం. మా పెద్దమ్మ వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్తుంది. మా వీధిలో ఆమె ఒక్కతే కాదు. జబ్బుకి ఇదీ కారణం అని ఇంకా తేలలేదు గానీ, బోరు నీళ్ళ మీద జనానికి నమ్మకం పోయింది. వంశధార నీళ్ళని హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటే. ఆ నీళ్ళు తాగడానికి వచ్చినవి. వాటితో ట్యాంకులు కడుగుతామా? పోనీ బోరు నీళ్ళని ఆర్వోలో శుద్ధి చేస్తే, చాలా మిషన్లు సగానికి సగం వదిలేస్తాయి.

తీసుకునే నీళ్ళకన్నా వదిలే నీళ్ళు ఇంకా ఇబ్బంది. బ్రూవరీ మురుగులో చక్కెర, ఈస్టు, పిండి ఉంటాయి. లీటరుకి 2000 మిల్లీగ్రాముల బీ.ఓ.డీ. తక్కువలో తక్కువ అనుకోండి. వెయ్యి లీటర్లకి 2 కిలోలు, 40 మంది ఒక రోజులో వదిలే మురుగుకి సమానం. మా నేల ఇసక, పోసిన నీరు పోసినట్టే దిగుతుంది. మా తాతగారి కాలువ చివర నుంచి వీధి బావికి 12 మీటర్లు.

మావయ్యకి నేను చెప్పింది ఇదీ: సాల పడగొట్టక్కర్లేదు, బీరూ వద్దు. బీరులో మొదటి సగం, అంటే చోడి మాల్టు, ఇక్కడ చెయ్యొచ్చు. 50 కిలోల చోళ్ళు నానబెట్టడానికి 200 లీటర్లు చాలు, ఆ నీళ్ళు పలచన, కొబ్బరి చెట్లకి పోయొచ్చు. కాచక్కర్లేదు, ఆవిరి లేదు, ఎక్సైజు లైసెన్సు గొడవ లేదు. మాల్టు ఇళ్ళకీ అమ్ముకోవచ్చు, కావాలంటే హైదరాబాదు బ్రూవరీలకీ. చోడి గింజకి బార్లీకున్నట్టు పొట్టు ఉండదు కాబట్టి వడకట్టడం కష్టం, ఆ తిప్పలేవో వాళ్ళే పడతారు.

బావ ఒప్పుకోలేదు. గాలి తగలని మురుగు ట్యాంకు కట్టి గ్యాసు తీస్తే ఆ 2 కిలోల లెక్క మారిపోతుందంటాడు. మారుతుంది, నిజమే. ఎంతకి మారుతుందో, ఆ ట్యాంకు ఖరీదెంతో లెక్కగట్టి పంపమన్నాను. కెమికల్ వాళ్ళెవరైనా సరిచూస్తానంటే నా కాగితాలు కూడా ఇస్తాను. ఈలోగా ఇనుప పట్టీలకి ఆర్డరు ఇచ్చేశాం. సాలలో ఏం పెట్టినా అక్టోబరు మాత్రం ఆగదు.