పడవ ఎక్కడమూ తవక్కులే

గోదావరి పొంగిందంటే లంక గ్రామాల వారి చెవులన్నీ ధవళేశ్వరం వైపే ఉంటాయి. బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022 జూలైలోనూ మూడవ హెచ్చరిక దాటింది.

అలాంటి వేళ మనలో కొందరు "అంతా అల్లాహ్ చూసుకుంటాడు" అంటూ, పడవ వచ్చినా ఇల్లు కదలరు. దాన్నే తవక్కుల్ అనుకుంటారు. ఒంటెను కట్టి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, వదిలేసి నమ్ముకోవాలా అని ఒక వ్యక్తి అడిగితే, ముందు కట్టమనీ ఆ తర్వాతే నమ్ముకోమనీ దైవప్రవక్త (స) చెప్పినట్లు తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. ప్లేగు సోకిన సిరియాకు వెళ్లకుండా హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగినప్పుడు, ఇది విధివ్రాత నుండి పారిపోవడం కాదా అన్న ప్రశ్న వచ్చింది. అల్లాహ్ రాసిన ఒక విధి నుండి ఆయన రాసిన మరో విధికే వెళుతున్నామన్నది ఆయన సమాధానం. కనుక పడవ ఎక్కడం కూడా విధిలోనిదే!

అయితే మనకు అసలు పరీక్ష పడవ దిగాకే మొదలవుతుంది. పశువుల్ని గట్టు మీదికి తోలాం, బియ్యం అటకెక్కించాం. ఇక మన చేతిలో ఏమీ లేదు. అయినా పునరావాస కేంద్రంలో నిద్ర పట్టదు. అరటితోట ఏమైందో! నీరెంత ఉందని పదిసార్లు ఫోన్ చేస్తాం. మనం మేలుకొని ఉన్నంత మాత్రాన గోదావరి ఒక్క అంగుళమైనా తగ్గుతుందా? ఆ దిగులును అల్లాహ్‌కు అప్పగించడం తవక్కుల్‌లో రెండవ సగం. మా దృష్టిలో బరువైన సగం అదే. తోట మిగులుతుందన్న హామీ తవక్కుల్ ఇవ్వదు. కాని రెండు రకాతుల నమాజు చేసి లేచినవారికి, పక్క చాప మీది ముసలమ్మకు మంచినీళ్లు కావాలేమోనన్న ధ్యాస కలుగుతుంది.