సైనిక మోటారుబండి దారిలో ఆగినప్పుడు

రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941 మొదలు 1945 వరకు, అమెరికాలో విల్లీసు, ఫోర్డు కంపెనీలు రెండును కలిసి ఆరు లక్షలకు పైగా జీపుబండ్లను తయారుచేసినవి. యుద్ధము ముగిసిన పిదప వానిలో కొన్ని మిగులు సామగ్రిగా మన దేశములోనే అమ్ముడుపోయినవి. 1940ల చివర బొంబాయిలో మహీంద్రా కంపెనీ ఆ నమూనానే కూర్చుటకు మొదలిడెను. తరువాత జబల్పూరు సైనిక కర్మాగారము నిస్సాన్ నమూనాపై జోంగా బండ్లను 1969 నుండి మూడు దశాబ్దముల పాటు చేసినది. సైన్యము వదలుకొన్న ఇట్టి బండ్లు వేలములలో చేతులు మారుచు రైతుల వాకిళ్లకును చేరుచున్నవి. కొనుటకు ముందు వేలము కాగితములును రిజిస్ట్రేషనును సరిగా ఉన్నవో లేవో చూచుకొనుట మరువరాదు. ఆ సంగతి అంతటితో విడిచి, కొన్న పిదప కలుగు చిక్కులను చెప్పెదము.

జీపు ఇంజనులో నాలుగు సిలిండర్లు, జోంగాలో ఆరు. పుట్టుకతో రెండును పెట్రోలు బండ్లే. డీజిలు ఇంజను మార్చి బిగించిన బండ్లకు ఇందలి నీటి సంగతియు, ధూళి సంగతియు, చక్రముల సంగతియు మాత్రమే వర్తించును.

అన్నిటికంటె ఎక్కువ డబ్బు తినునది ఒకే ఒక జబ్బు. బండి ఉదయము చక్కగా కదలును; పది మైళ్లు పోయి, వేడెక్కి, ఆగిపోవును. మిరపబస్తాలతో గిద్దలూరునుండి నంద్యాలకు పోవు రైతునకు దిగువమెట్ట దాటిన పిదప నల్లమల ఘాటులో ఇది జరిగినచో, నీడయు నీరును మెకానిక్కును దొరకని చోట నిలిచిపోవును. అరగంటకు ఇంజను చల్లారి మరల కదలును. ఊరు చేరి మెకానిక్కునకు చూపిన ఏ దోషమును కనబడదు. అతడు ఊహమీద కార్బురేటరు మార్చును, తీరదు. పెట్రోలు పంపు మార్చును; తీరదు. చివరకు ఇంజను విప్పి బోరు చేయవలెననును. పంట అమ్మిన సొమ్ము అక్కడ చెల్లిపోవును. అతనిని నిందించుటకు మాకు మనసొప్పదు: జబ్బు తగ్గిన తరువాత వచ్చిన రోగిని ఏ వైద్యుడు మాత్రము గుర్తింపగలడు? కావున బండి ఆగిన మొదటి ఐదు నిముషములలో, ఆగిన చోటనే, నడుపువాడు తానే పరీక్షింపవలెను. ఇందుకు మూడు కారణములు కలవు. మూటికిని గుర్తులు వేరు.

మొదట పెట్రోలు ట్యాంకు మూత తెరువుము. ‘సుయ్’మని గాలి లోనికి పీల్చుకొని, వెంటనే ఇంజను కదలినచో దోషము ఆ మూతయందే ఉన్నది. పెట్రోలు ఖర్చగుకొలది ఆ చోటికి గాలి చేరుటకు సన్నని దారి కావలెను. ఆ దారి మట్టితో పూడుకొన్నచో, గాలి చొరని సీసానుండి నీరు జారనట్లే, పంపు ఎంత లాగినను పెట్రోలు రాదు. మూతను శుభ్రపరచిన ఖర్చు లేకయే తీరును. తీయకుండ వదలివేయు మెకానిక్కులు పెక్కుమంది ఉందురు గనుక దీనినే ముందు చెప్పితిమి.

అది కానిచో నిప్పురవ్వను చూడవలెను. దీనికి ముందు పెట్రోలు ఎక్కడను కారుట లేదని రూఢి చేసికొనుము. ఒక ప్లగ్గు తీగను ఊడదీసి, ఎండిన కర్ర పట్టుతో పట్టుకొని, దాని కొనను ఇంజను ఇనుమునకు పావు అంగుళము దూరమున నిలిపి, మరియొకనిచే స్టార్టరు నొక్కించుము. నీలిరంగు రవ్వ చిటపటమని దూకిన ఆ భాగము మంచిది. రవ్వ ఎఱ్ఱగా, బలహీనముగా నున్నను, అసలే లేకున్నను, కాయిలో కండెన్సరో వేడికి తాళలేక చెడినదని అనుమానింపవలెను. డిస్ట్రిబ్యూటరు మూత తీసి పాయింట్లను చూడుము. అవి మాడి గుంటలు పడియున్న కండెన్సరుమీద అనుమానము హెచ్చును. విల్లీసు జీపునకు పాయింట్ల నడుమ ఎడము అంగుళములో వేయింట ఇరువది పాళ్లు, అనగా సుమారు అర మిల్లీమీటరు, ఉండవలెను.

రవ్వ మంచిదై, మూత తెరచినను కదలనిచో, గొట్టములోని పెట్రోలు వేడికి ఆవిరియై పంపునకు పట్టు చిక్కక పోయియుండును. తడిగుడ్డను పంపుమీదను గొట్టముమీదను చుట్టి పది నిముషములు ఆగుము. నీరు డిస్ట్రిబ్యూటరుమీద పడనీయరాదు. ఇందువలన కదలినచో జబ్బు తెలిసినట్లే. పొగగొట్టమునకు ఆనుకొని పోవు పెట్రోలు గొట్టమును దూరముగా వంచి కట్టుటే శాశ్వతమైన చికిత్స.

పెట్రోలు విషయమున నేటి కాలపు చిక్కు మరియొకటి కలదు. ఇప్పుడు బంకులలో పోయు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ల వరకు ఎథనాలు కలియుచున్నది. పాత బండ్ల రబ్బరు పొరలును గొట్టములును దీనికొరకు చేసినవి కావు. అవి ఉబ్బి, మెత్తబడి, చీలును. ఏండ్ల తరబడి నిలిచిన ట్యాంకులోని త్రుప్పును మడ్డియు కదలి వచ్చి జల్లెడను మూయును. పంపు లోని పొర చినిగినచో పెట్రోలు ఇంజను నూనెలోనికి దిగును. నూనె కొలత పుల్లను తీసి వాసన చూడుము. పెట్రోలు వాసన కొట్టి, పోయకయే మట్టము పెరిగియున్నచో ఆ బండిని ఒక్క అడుగైనను నడుపరాదు. పలుచబడిన నూనె బేరింగులను తినివేయును. నిప్పు భయమును కలదు. ఎథనాలునకు తట్టుకొను పొరను, గొట్టములను వేయించిన పిదపనే, నూనె మార్చి నడుపవలెను.

స్టార్టరు నీరసముగా తిరిగినప్పుడు బ్యాటరీ కొనుటకు పరుగెత్తకుము. దీపములు వెలిగించి స్టార్టరు నొక్కుము. దీపములు పూర్తిగా ఆరిపోయిన బ్యాటరీలోనో, దాని కట్టులలోనో లోపము. ఏమాత్రము తగ్గక వెలిగిన స్విచ్చివైపు చూడవలెను. యుద్ధకాలపు విల్లీసు జీపు ఆరు వోల్టులది. దానికి పన్నెండు వోల్టుల బండి సన్నతీగలు బిగించినచో ఎంత మంచి బ్యాటరీయైనను చాలదు. హ్యాండిలుతో త్రిప్పువారు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచవలెను, పిడికిలి చుట్టరాదు. ఇంజను వెనుకకు తన్నినచో ఆ వ్రేలో మణికట్టో విరుగును.

ఇక నీరు. మార్కాపురము, కనిగిరి ప్రాంతముల బోరునీటిలోని ఫ్లోరైడు పండ్లకును ఎముకలకును చేయు కీడు మనమెరిగినదే. బండికి కీడు చేయునవి వేరు: సున్నపు లవణములు. ఎసరు కాచు గిన్నె అడుగున తెల్లని పెంకు కట్టుట ప్రతి ఇల్లాలును చూచియుండును. ఆ పెంకే రేడియేటరు సన్నగొట్టములలోను ఇంజను గోడలలోను కట్టుచున్నది. అందుచేతనే క్రొత్త ఫ్యాను బెల్టు వేసినను, మూత మార్చినను దోర్నాల దాటి శ్రీశైలము ఘాటు ఎక్కునప్పుడు నీరు మరగును. రేడియేటరును చేతితో తడుము: ఇంజను ఆపి, కొంత వేడి తగ్గిన పిదప, ఒకచోట వెచ్చగను ఒకచోట చల్లగను ఉన్నచో చల్లని చోట గొట్టములు పూడినవి. పాత రేడియేటర్లు ఇత్తడి, రాగి పనులు గనుక నిమ్మ ఉప్పు కరగించిన నీటిని పోసి, ఇంజను కొంతసేపు నడిపి, చల్లారిన తరువాత దింపి, మంచినీటితో పలుమారులు కడుగవచ్చును. పిదప బోరునీరు పోయక, కప్పుమీద పట్టిన వాననీటినో బ్యాటరీ దుకాణములలో అమ్ము శుద్ధజలమునో కూలెంటు కలిపి పోయుము. మరగుచున్నప్పుడు మూత తీయరాదు. కాలిన ఇంజనులో చల్లనినీరు గుమ్మరించిన పోతయినుము పగులును. దానికి అతుకు దుర్లభము. నూనె మజ్జిగవలె తెల్లబడియున్నచో నీరు లోనికి దిగుచున్నదని గ్రహించి బండిని మెకానిక్కుకడకు లాగించుకొని పొమ్ము.

మార్కాపురపు పలకల గనుల దారిలో తిరుగు బండ్లకు ధూళి రెండవ శత్రువు. జీపు గాలి జల్లెడ అడుగున నూనె ఉండును. అది బురదయైనచో ఇంజను పొగ నలుపెక్కును, పెట్రోలు ఎక్కువ త్రాగును. గనుల దారిలో ప్రతి వారమును కడిగి నూనె మార్చుట మంచిది.

నాలుగు చక్రములకును బలమిచ్చు మీట బురదకొరకు, ఇసుకకొరకు పెట్టినది. గుండ్లకమ్మ ఇసుకను దాటుటకు వేసిన మీటను తారురోడ్డుమీదను అట్లే ఉంచి నడుపువారు కలరు. మలుపులలో ముందుచక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము తిరుగవలెను; ఎండిన గట్టిదారిలో జారుటకు వీలులేక ఇరుసులు మెలిపడును, స్టీరింగు బరువెక్కును, మీట ఊడిరాదు. సుత్తెతో కొట్టకుము. బండిని కొంచెము వెనుకకు నడిపిన మెలి వదలి మీట తేలికగా వచ్చును. అప్పటికిని రానిచో తక్కిన చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, ముందుచక్రమొకదానిని జాకీతో నేలనుండి లేపుము. అది తటాలున కొంత తిరుగును గనుక చేతులు దూరముగా ఉంచవలెను. నాలుగు టైర్లును ఒకే కొలతవి కానిచో ఈ చిక్కు మాటిమాటికిని వచ్చుచునే యుండును.